దీపపు పురుగులును కారు అద్దమును

దసరా సెలవులకు బడి మూసిన సాయంకాలము మన పాఠశాల వాకిట కార్లు బారులు తీరుట తలిదండ్రులందరికిని పరిచితమైన దృశ్యమే. పిల్లలు పుస్తకముల సంచులతోనే కారెక్కుదురు. తెల్లవారుసరికి తెనాలియో, తణుకో, భీమవరమో చేరవలెనని పెద్దల తొందర. తుంగభద్ర ఆనకట్టనుండి 1953లో కాలువలకు నీరు వచ్చిన పిదప, కృష్ణా గోదావరి మండలములనుండి తరలివచ్చి గంగావతి, సింధనూరు తాలూకాలలో క్యాంపులు కట్టుకొన్న రైతుల మనుమలును, మునిమనుమలును ఈ పిల్లలలో ఎందరో కలరు. తాతలు గుంతకల్లు మీదుగా రైలులో చేసిన ప్రయాణమును తండ్రులు నేడు రాత్రికి రాత్రి కారులో ముగించుచున్నారు. బంధుత్వములు నిలుచుటకును, పిల్లల నోట తెలుగు నిలుచుటకును ఈ రాకపోకలు ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ ప్రయాణమునందలి ఒక చిన్న సంగతిని గూర్చి మేము ఈ సంచికలో కొంత విపులముగ వ్రాయదలచితిమి. అది కారు ముందు అద్దమునకు అంటుకొను పురుగుల సంగతి.

ఇంత చిన్న విషయమునకు ఒక వ్యాసమా అని కొందరు నవ్వవచ్చును. ఊరు చేరిన పిమ్మట కారుపై నాలుగు చెంబుల నీళ్ళు పోసి కడుగుకొనుటతో తీరిపోవు పనియే కదా యని వారి తలంపు. పురుగుల వలన కలుగు నష్టము రెండు విధములు. కారు పైపూత చెడుట ఒకటి. అది డబ్బుతో తీరు నష్టము. నడుపువాని చూపు చెడుట రెండవది. వెనుక సీటులో పిల్లలు నిద్రించుచుండగా, ఎదుటినుండి లారీ వచ్చుచుండగా, అద్దమునందు త్రోవ కనబడని ఆ రెండు మూడు క్షణముల నష్టమునకు వెల కట్టజాలము. లోకములో జనులు మొదటి దానిని గూర్చి ఎక్కువగను, రెండవ దానిని గూర్చి తక్కువగను చింతించుట మేము చూచుచున్నాము. కావున మేము రెండవ దానినే ముందు చెప్పెదము.

మన ప్రాంతమున ఈ బాధ తక్కిన చోట్లకంటె అధికముగ నుండుటకు కారణము వరియే. సార్వా పైరు జూలై, ఆగస్టు మాసములలో నాటుదుము. నవంబరు, డిసెంబరులలో కోయుదుము. ఈ నడుమ సెప్టెంబరునుండి నవంబరువరకు పైరు గుబురుగ నున్న కాలమున సుడిదోమయు, రైతులు దీపపు పురుగులని పిలుచు పచ్చదోమయు మడులలో విస్తారముగ పెరుగును. దోమపోటు అను మాట వినని రైతు ఇంటి బిడ్డ మన బడిలో ఉండడు. సుడిదోమ మూడు నాలుగు మిల్లిమీటర్ల పొడవు గల అల్పప్రాణి. అది సూర్యాస్తమయము తరువాతను, సూర్యోదయమునకు ముందును గుంపులుగ ఎగురును. దీనికి తోడు కాండము తొలుచు పురుగుయొక్క గడ్డిరంగు రెక్కల పురుగు, తూనీగలు, పేడపురుగులు మొదలైనవి. వేసవి చివర తొలకరి వాన కురిసిన సాయంకాలము పుట్టలనుండి ఉసిళ్ళు లేచినచో చెప్పనే పనిలేదు.

మన ప్రయాణపు త్రోవను ఒక్కసారి తలచుకొనుడు. సాయంకాలము అయిదు గంటలకు బయలుదేరినచో, సంధ్యాసమయమునకు కారు తుంగభద్ర ఆయకట్టునందలి వరిమళ్ళ నడుమనే యుండును. గుంతకల్లు, గుత్తి ప్రాంతపు మెట్టభూములలో కొంత తెరిపి కలుగును. రాత్రియంతయు నడిపి, గుంటూరు దాటి, వేకువజామున కృష్ణ డెల్టాలో ప్రవేశింతుము. అనగా పురుగులు దట్టముగ ఎగురు ఆ రెండు వేళలందును మనము వరిమళ్ళ నడుమనే యుందుము. ఎవరును కోరి ఏర్పరచినది కాదు గాని, పురుగులను ఎదుర్కొనుటకు ఇంతకు మించిన కాలక్రమమును ఎవ్వరును కల్పింపలేరు.

పురుగులు దీపము వద్దకు ఏల వచ్చునను ప్రశ్నకు వెనుకటివారు పలువిధముల సమాధానములు చెప్పిరి. 2024లో ప్రచురింపబడిన ఒక పరిశోధన, వేగముగ బొమ్మలు తీయు కెమెరాలతో పరిశీలించి, క్రొత్త సమాధానమును ఇచ్చినది. ఆకాశము నేలకంటె వెలుతురుగ నుండును గనుక ఎగురు పురుగు తన వీపును ఎల్లప్పుడు వెలుతురువైపు త్రిప్పి, ఏది పైభాగమో, ఏది క్రిందిభాగమో గుర్తించుకొనును. దగ్గరలో దీపమున్నచో ఆ దీపమునే ఆకాశమని భ్రమించి, దానివైపు వీపు త్రిప్పుచు, ఆ చుట్టునే తిరుగుచు చిక్కుకొనును. దీపమునకు శలభము మోహపడునని కవులు చెప్పిన మాట అందమైనదే. కాని పాపము, అది దిక్కు తప్పిన బాటసారి. కారు దీపములు ఆర్పి నడుపుట కుదరదు గదా! అయితే కొందరు కారు నెత్తిన అదనముగ బిగించుకొను తెల్లని దీపముల వరుసలు ఎదుటివారి కన్నులను చీకట్లు క్రమ్మించుటయే కాక, ఇంకను ఎక్కువ పురుగులను పిలుచును. అట్టివి వలదు.

ఇక వేగము మాట. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క క్షణమునకు, అనగా ఒక్క సెకనుకు, 22 మీటర్లు సాగును. మెల్లగ పోవునప్పుడు అద్దముపైనుండి జారిపోవు గాలితోపాటు తేలికపురుగులు కొన్ని పైకి కొట్టుకొనిపోయి బ్రతుకును. వేగము హెచ్చినకొలది అవి గాలి మలుపును అనుసరింపలేక నేరుగ అద్దమును తాకును. తాకుడు బలము వేగముతో సమముగ కాక, దాని వర్గముతో పెరుగును: 60 నుండి 90 కిలోమీటర్లకు పోయినచో వేగము ఒకటిన్నర రెట్లే అయినను, దెబ్బ రెండింతలకు మించును. అందువలన పురుగు చిట్లి, లోపలి ద్రవము పలుచగ వ్యాపించి అంటుకొనును. పురుగులు దట్టముగ నున్న వరిమళ్ళ మధ్య వేగమును 50, 60కి తగ్గించినచో అద్దము చాలవరకు శుభ్రముగ నుండును. దీనికి ఖర్చు లేదు, మందు లేదు.

అంటుకొను పదార్థమెట్టిదో తెలిసికొన్నచో, దానిని తీయు ఉపాయమును తెలియును. పురుగు రక్తము మన రక్తమువలె ఎర్రనిది కాదు. ప్రాణవాయువును మోయు పని దానికి లేదు. గాలి సన్నని గొట్టముల ద్వారా దేహములోనికి పోవును. అందుచేత ఆ ద్రవము లేత పసుపుగనో, ఆకుపచ్చగనో యుండును. అద్దముపై ఎర్రని మరక కనబడినచో అది దోమ త్రాగిన పశువు రక్తమో, మనిషి రక్తమో కావచ్చును, లేదా ఈగ కన్నులలోని రంగు కావచ్చును. ఈ ద్రవమునందు మాంసకృత్తులు, క్రొవ్వులు, చక్కెరలు కలవు. ఎండినప్పుడు మాంసకృత్తులు జిగురువలె బిగియును. గిన్నె అంచున ఎండిన కోడిగ్రుడ్డు సొన ఎట్లుండునో గృహిణులకు తెలియనిది కాదు. పైన మిగులు రెక్కలు, కాళ్ళు, పెంకులు కైటిన్ అను గట్టి పదార్థముతో ఏర్పడినవి. భీమవరపు బంధువుల యిండ్లలో మనము ఒలుచు రొయ్య పెంకునందున్నదియు ఈ కైటినే. అది నీటిలో కరగదు. కాని దానిని అద్దమునకు పట్టియుంచు జిగురు నానును.

అదియే మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట. ఎండిన అన్నపు గిన్నెను ఏ తల్లియు తెచ్చిన వెంటనే గీకదు. నీళ్ళు పోసి ఒక మూల నుంచును. పది నిమిషములకు మెతుకులు తమంతట విడిపోవును. కారు అద్దము విషయమునను ఇదియే పద్ధతి. బలము కాదు కావలసినది, నీరును, వేచియుండుటయును. ఈ రెండును లేక మనవారు చేయు పనులనేకము అద్దమును చెరచును, చూపును చెరచును.

వానిలో మొదటిది వైపరు వేయుట. పురుగు తాకగానే చేయి వైపరు మీటకు పోవుట సహజమే. కాని పొడి అద్దముపై వైపరు ఆడినచో చుక్కగ నున్న మరక విల్లువంటి చారగ మారును. క్రొవ్వు అద్దమంతట పూసినట్లగును. పగటివేళ ఆ చార అంతగ తెలియదు. రాత్రి ఎదుటి వాహనపు దీపకాంతి దానిపై పడినప్పుడు, ఆ వెలుగు నలువైపుల చెదరి అద్దమంతయు తెల్లని తెరవలె మారును. ఆ తెర వెనుక దీపములేని ఎడ్లబండి యుండవచ్చును, వడ్లబస్తాల ట్రాక్టరు ట్రెయిలరు నిలిచియుండవచ్చును, రోడ్డున ధాన్యము ఆరబోసిన రైతే యుండవచ్చును. రెండు సెకనుల గుడ్డితనమనగా 80 కిలోమీటర్ల వేగమున 44 మీటర్ల దూరము చూడక పోవుటయే. వయస్సు మీరినకొలది కన్నులకు ఈ చెదరు వెలుగు బాధ హెచ్చును. కావున తాతగారు నడుపుచున్నచో మరింత శ్రద్ధ అవసరము. ముందు నీటిని రెండు మూడు సారులు ధారాళముగ చిమ్మించి, అద్దము బాగుగ తడిసిన పిదపనే వైపరు వేయవలెను. అప్పటికిని చారలు పోనిచో, ఆడించుట మాని, రోడ్డు ప్రక్కన కాక ఏదేని పెట్రోలు బంకు ఆవరణములో ఆగి చేతితో తుడుచుకొనవలెను.

బయలుదేరుటకు ముందురోజున చేయవలసిన పని కొంత కలదు. అద్దమును వెలుపలను, లోపలను కూడ తుడువవలెను. లోపలి సంగతి చాలమందికి తట్టదు. ఎండలో నిలిచిన కారులోని ప్లాస్టికు సామానులనుండి వెలువడు ఆవిరి అద్దపు లోపలివైపున సన్నని పొరగ పేరుకొనును. రాత్రి వెలుగు చెదరుటలో దీని పాలు తక్కువ కాదు. పిమ్మట వైపరు రబ్బరు అంచును తడిగుడ్డతో తుడిచి చూడవలెను. మన ప్రాంతపు ఎండకు రబ్బరు త్వరగ గట్టిపడి పగులును. పగిలిన రబ్బరు వేసవి అంతయు పనిలేక ఊరకుండి, సరిగ అవసరమైన రాత్రి మోసము చేయును. ఏడాదికొకసారి మార్చుట మంచిది; దాని వెల స్వల్పమే.

నీటి తొట్టిని నింపుటలో ఒక జాగ్రత్త. మన క్యాంపులలో చాలచోట్ల బోరునీరు చవుడు. ఆ నీటిని తొట్టిలో పోసినచో అద్దముపై తెల్లని మచ్చలు కట్టును, నీరు చిమ్ము సన్నని రంధ్రములు సున్నముతో పూడిపోవును. శుద్ధిచేసిన త్రాగునీరు పోసి, దానిలో అద్దములకని అమ్ము ద్రవమును సీసాపై చెప్పిన పాలు మాత్రమే కలుపవలెను. బట్టల సబ్బుపొడి కలుపుట కొందరి అలవాటు. అది నురుగు గట్టి, ఎండి, మరల చారలనే మిగుల్చును. రంధ్రము పూడినచో గుండుసూదితో మెల్లగ తీయవచ్చును.

కారులో ఉంచుకొనవలసినవి ఎక్కువ లేవు: మంచినీళ్ళ సీసాలు రెండు, మెత్తని మైక్రోఫైబరు గుడ్డలు రెండు మూడు, ఒక స్పాంజి, కొన్ని పాత వార్తాపత్రికలు. ఆగినచోట అద్దముపై నీరు చల్లి, తడిపిన వార్తాపత్రికను దానిపై పరచి, పిల్లలకు పాలో, పెద్దలకు కాఫీయో ముగియువరకు అట్లే విడువవలెను. అయిదు నుండి పది నిమిషములు చాలును. తరువాత కాగితము తీసి, తడిగుడ్డతో పైనుండి క్రిందికి ఒత్తక తుడిచి, మరల నీరు పోసి, పొడిగుడ్డతో ఆర్పవలెను. రెండు గుడ్డలను వేరువేరుగ ఉంచుట మరువరాదు. బంకులలో బొక్కెనలో నుంచిన తుడుపుకర్రలను వాడుటకు ముందు ఆ నీటిని చూడవలెను. పలువాహనముల ఇసుక అందులో నుండును. అక్కడి కుర్రవాడు అభిమానముతో పొడిగుడ్డ తెచ్చి అద్దమును రుద్దబోయినచో, “వద్దు నాయనా, ముందు నీళ్ళు పోయి” అని నెమ్మదిగ చెప్పవలెను. ఇసుక రేణువు గుడ్డ క్రింద చిక్కినచో అద్దముపై గీత పడును. ఆ గీత ప్రతి రాత్రియు ఎదుటి దీపపు కాంతిలో మెరయుచునే యుండును.

తీయని మొండి మరకలు మిగిలినచో వంటసోడాను నీటిలో పూర్తిగ కరగించి, ఆ నీటితో గాజుపై మాత్రము రుద్దవచ్చును. పొడిగనే రుద్దుట తగదు. కొబ్బరిపీచు, పాత్రలు తోము ఇనుప పీచు, బ్లేడు వంటివానిని కారు దరికి రానీయరాదు. కిరసనాయిలు పూసినచో మరక వదలునని కొందరు చెప్పుదురు. మరక వదలవచ్చును, కాని అద్దముపై నూనె పొర మిగులును, వైపరు రబ్బరు చెడును. ఇప్పటి కార్ల ముందు దీపములపై నున్నది గాజు కాదు, ఒక విధమైన ప్లాస్టికు. దానిపై గట్టిపూత యొకటి యుండును. కిరసనాయిలు, పెట్రోలు, రంగులలో కలుపు థిన్నరు తగిలినచో ఆ పూత పోయి దీపము మసకబారును. మసక దీపముతో అద్దమెంత తుడిచినను ప్రయోజనమేమి?

సంధ్యవేళను గూర్చి మా అభిప్రాయమును సూటిగ చెప్పెదము. పిల్లలతో అయిదారువందల కిలోమీటర్లు పోవువారు పగటివేళనే ప్రయాణము చేయుట అన్నివిధముల ఉత్తమము. రాత్రి నిద్రను జయించితిననుకొని నడుపువాడు పురుగులకంటె పెద్ద ప్రమాదము. అట్లు వీలుకానిచో, సూర్యాస్తమయము తరువాత గంటన్నర కాలమును భోజనమునకు కేటాయింపుడు. ఆ వేళకు ఎక్కడనో ఆగి, పిల్లలకు అన్నము పెట్టి, అద్దము కడిగి, పురుగుల ఉధృతి తగ్గిన పిమ్మట కదలుడు. వేకువన డెల్టాలో ప్రవేశించుటకు ముందు మరియొకసారి అద్దమును కడుగవలెను. పాఠశాల వాహనములు నడుపువారికిని ఈ నియమమే వర్తించును. వర్షాకాలపు సాయంకాలములలో పిల్లలను దించి తిరిగివచ్చిన బస్సు అద్దము మరునాటి ఉదయము ఎట్లున్నదో తలిదండ్రులును ఒక కన్ను వేయవచ్చును. మేము దానిని తప్పుపట్టము.

వంతెనల వద్ద మరియొక విచిత్రము కలదు. నీటిలో పెరిగి, ఒక్కరోజు మాత్రమే రెక్కలతో బ్రతుకు ఒక జాతి పురుగులు కొన్ని సాయంకాలములలో నదులనుండి లక్షలుగ లేచి వంతెన దీపముల క్రింద రాలును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున సస్క్వెహానా నదిపై నున్న ఒక వంతెనమీద 2015 జూన్‌లో ఇవి రాలి రోడ్డు జారుడుగట్టగా మోటారు సైకిళ్ళు పడిపోయినవి. వంతెనను కొంతసేపు మూసివేసిరి. రాత్రివేళ నదీవంతెనపై పురుగులు మంచువలె రాలియున్నచో, అద్దమునే కాక చక్రములనుగూడ తలచుకొని వేగము తగ్గింపవలెను.

పైపూత విషయమును సంగ్రహముగ చెప్పెదము. కారు రంగుపై నుండు పారదర్శకమైన పొర సాధారణముగ తలవెంట్రుక మందమునకు మించదు. ఎండకు కాగిన బానెట్టుపై ఆ పొర కొంచెము మెత్తబడును. పురుగు అవశేషములు కుళ్ళి, ఎండి, ముడుచుకొనుచు దానిని కొరికినట్లు గుంటలు చేయును. అందుచేత ఊరు చేరిన రోజుననో, మరునాడో కడుగుట మేలు. నీడలో నిలిపి, లోహము చల్లారిన పిదప, అద్దమునకు చెప్పిన తీరుననే తడిగుడ్డ పరచి నానబెట్టవలెను. ప్రయాణమునకు ముందు మైనపు పూత వేసియున్నచో పురుగులు గట్టిగ అంటవు, సులభముగ వదలును. నేడు బజారులో వేలకొలది రూపాయలకు దొరకు సిరామిక్ పూతలును కడుగుటను తేలికపరచునే గాని కడుగనక్కరలేకుండ చేయవు. దుకాణమువారు అట్లు చెప్పినచో నమ్మనక్కరలేదు. ఏసీ చల్లదనము తగ్గినచో, ఇంజను వేడి సూది పైకి పోవుచున్నచో, రేడియేటరు రేకుల నడుమ పురుగులును, ఊకయును చిక్కుకొని యున్నవేమో చూడవలెను. ఇంజను చల్లారిన తరువాత సన్నని నీటిధారతో కడుగవలెను. బలమైన ధార ఆ పలుచని రేకులను వంచివేయును. ట్రాక్టరులకు కట్టినట్లు ముందు జల్లెడవల కట్టుకొనువారు, పురుగుల కాలము దాటగానే దానిని విప్పవలెను. వల పూడినచో గాలియు ఆగును.

కార్లు లేని తలిదండ్రులు మనలో అనేకులు. మోటారు సైకిలుపై సాయంకాలము పొలముగట్టు రోడ్డున పోవునప్పుడు ముందు అద్దమేది? పెట్రోలు ట్యాంకుపై కూర్చున్న పసిబిడ్డ ముఖమే ఆ అద్దమగుచున్నది. గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగమున కంటిలో పడిన పురుగు పెద్దవానిచేతనే హ్యాండిలు వదలించును. బిడ్డను ముందు కూర్చుండబెట్టుట మానవలెను. నాలుగేండ్లలోపు పిల్లలకు నడుపువానితో కట్టు పట్టీయు, తొమ్మిది నెలలు దాటినవారికి తలకవచమును ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు కేంద్రప్రభుత్వము 2022లో నియమము ప్రకటించి 2023 ఫిబ్రవరినుండి అమలులోనికి తెచ్చినది. తలకవచమునకు పారదర్శకమైన ముందు తొడుగు ఉండుట ముఖ్యము. రాత్రివేళ నల్లని తొడుగు పనికిరాదు. కంటిలో పురుగు పడినచో నలుపక, బండి ఆపి, మంచినీటితో కడుగవలెను. మంటయు ఎరుపును తగ్గనిచో వైద్యునివద్దకు పోవలెను.

వరిమళ్ళలో చీమవలె సన్నగ, నారింజరంగు నలుపురంగు పట్టెలతో నుండు ఒక చిన్న పురుగు కలదు. ఇది కుట్టదు, కరవదు. కాని చర్మముపై నలిగినచో దాని దేహమునందలి విషద్రవము అంటి, ఒకటి రెండు దినములకు చర్మము కాలినట్లు బొబ్బలెక్కును. దీపమునకు వచ్చును గనుక కారు అద్దముపైనను, వాకిటి దీపము క్రిందను కనబడును. ఒంటిమీద వాలినచో చరచక ఊదివేయవలెను. నలిగినచో వెంటనే సబ్బునీటితో కడుగవలెను, ఆ చేతితో కన్ను తాకరాదు. ఇందువలననే అద్దమును వట్టిచేతితో తుడువరాదనియు, పిల్లలచేత ఆ పని చేయింపరాదనియు మేము కోరుచున్నాము. అట్లని దానిని పగవానిగ నెంచరాదు. అది సుడిదోమను తినును, రైతునకు మిత్రుడు.

ఆ మాటకు వచ్చినచో, అద్దముపై నంటిన దోమ పొలము సంగతిని కూడ చెప్పును. దోమపోటు పెరుగుటకు అతిగ వేసిన యూరియాయు, అదనుతప్పి చల్లిన మందులును కారణములని వ్యవసాయ శాస్త్రజ్ఞులు 1970 దశకమునుండియు చెప్పుచున్నారు. మందునకు మొదట చచ్చునవి దోమను తిను సాలీళ్ళు, మిరిడ్ నల్లులు. పిదప దోమ అడ్డులేక పెరుగును. మరియొకవైపు, దోమలు కాని తక్కిన పురుగుల సంఖ్య లోకమున తరుగుచున్నట్లు తోచుచున్నది. జర్మనీ దేశమున 63 రక్షిత ప్రదేశములలో 1989 నుండి 2016 వరకు వలలతో పట్టి తూచినవారు, ఎగురు పురుగుల మొత్తపు బరువు 75 శాతమునకు మించి తగ్గినదని 2017లో ప్రకటించిరి. వెనుకటి రోజులలో అద్దముపై ఇంతకు మూడింతలు పురుగులుండెడివని లారీ నడిపిన పెద్దలు చెప్పు మాటను కేవలము కబురని త్రోసివేయరాదు.

ఇంగ్లండులో 2004లో వేలకొలది వాహనదారులు తమ నంబరు పలకపై అంటిన పురుగులను లెక్కించి పంపిరి. మన పిల్లలును ఇది చేయవచ్చును. బయలుదేరుటకు ముందు నంబరు పలకను శుభ్రముగ తుడిచి, చేరిన పిదప, నీరు పోయకముందే, కారు ఇంటి ఆవరణములో నిలిచిన తరువాత మరకలను లెక్కింపవలెను. తాకక, చూచి మాత్రమే లెక్కింపవలెను. తేది, బయలుదేరిన వేళ, చేరిన వేళ, దాటిన ఊళ్ళు, నడచిన కిలోమీటర్లు, వాన కురిసినదా లేదా అను సంగతులను ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. వాన కురిసిన ప్రయాణమును వేరుగ నుంచవలెను, ఏలననగా వాన కొన్ని మరకలను కడిగివేయును. సెలవుల అనంతరము ఆ పుస్తకములను విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయులకు ఇచ్చినచో, దసరా ప్రయాణమునకును, సంక్రాంతి ప్రయాణమునకును, వేసవి ప్రయాణమునకును గల తేడాను తరగతిలో పట్టికగ వేయింతుము.